కాలువలు కట్టేసిన నెలలో యూరప్ ప్రయాణం

మన గోదావరి జిల్లాల రైతు ఏడాదిలో ఏ నెల ఖాళీగా ఉంటాడో ఎప్పుడైనా ఆలోచించారా? జూనులో కాలువలకు నీరు వదిలింది మొదలు సార్వా నారుమళ్లు, ఊడ్పులు, కలుపులు, కోతలు, మాసూళ్లు. అవి అయ్యీ అవకముందే దాళ్వా. దాళ్వా ధాన్యం ఒబ్బిడి చేసుకొని, కాలువలు కట్టేసిన తరువాత మళ్లీ నీరు వచ్చేవరకు దొరికే కొద్ది వారాలలోనే పెళ్లిళ్లు, పాక నేయించడం, బాకీలు తీర్చడం. ఆ వారాలలో తమ కోసమని ఊరు కదిలిన రైతు దంపతులను, ఇన్ని సంఘాలు తిరిగిన మేము వేళ్లమీద లెక్కపెట్టగలము.

మేమెరిగిన ఒక దంపతులు 2025 మే నెలలో యూరప్ వెళ్లి వచ్చారు. ఊరు రాజోలు దాపుల. పేర్లు వేయవద్దన్నారు గనుక వేయడం లేదు. ఆయనకు 72 ఏళ్లు, ఆమెకు 67. చేలు కౌలుకిచ్చి మూడేళ్లయింది. ఎందుకు వెళ్లాలనుకున్నారని అడిగితే ఆయన చెప్పిన మాట ఇది: “కాటన్ దొరగారి దేశం చూద్దామని అండి అయ్యగారూ. పెళ్లయిన కొత్తలో ధవళేశ్వరం ఆనకట్ట మీద నిలబడి మా ఇంటావిడకి మాటిచ్చాను.”

ఆ మాట నిలబెట్టుకోవడానికి ఎంతకాలం పట్టిందో వినండి. 1986 ఆగస్టులో గోదావరి పొంగి ధవళేశ్వరం దగ్గర దాదాపు 35 లక్షల క్యూసెక్కులు పారింది. వీరి ఇల్లు నీట మునిగింది. పది సంవత్సరాలకు, 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను కోనసీమలో వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. వీరి తోటలో నిలిచిన కొబ్బరిచెట్లు పదకొండు. కొబ్బరి మళ్లీ కాపుకు రావాలంటే ఎన్నేళ్లో మీకు చెప్పనక్కరలేదు. తరువాత ఇద్దరు ఆడపిల్లల పెళ్లిళ్లు. 2011లో గిట్టుబాటు లేదని, మురుగు దిగడం లేదని కోనసీమ రైతులు సార్వా మానివేసి పంట విరామం ప్రకటించినప్పుడు వీరూ చేను బీడు పెట్టారు. యూరప్ మాట అన్నేళ్లూ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఆమె మాత్రం పాలడబ్బులు విడిగా దాస్తూ వచ్చింది.

తీరా బయలుదేరుదామంటే కాటన్ గారి దేశానికే దారి వేరని తెలిసింది. షెంగెన్ వీసా ఒకటి తీసుకొంటే హాలండు, జర్మనీ మొదలగు 29 దేశాలు తిరగవచ్చు. ఇంగ్లండుకు అది చెల్లదు. దానికి వేరే దరఖాస్తు, వేరే రుసుము. షెంగెన్ రుసుము పెద్దవారికి మనిషికి 90 యూరోలు. వీసా రాకపోయినా అది తిరిగి రాదు. కనీసం 30,000 యూరోల వైద్యబీమా తప్పనిసరి. రెండు వీసాలకు చేతిలోని సొమ్ము చాలలేదు. ఆమె అన్నగారి అబ్బాయి హాలండులోని రోటర్‌డామ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. బస ఖర్చు తప్పుతుంది గనుక అక్కడికే నిశ్చయించుకొన్నారు. ఆయన రెండు రోజులు అన్నం సరిగా తినలేదట.

వెళ్లదలచిన మన రైతులకు అక్కరకు వస్తుందని ఇక్కడ ఒక సంగతి కొంచెం విపులంగా రాస్తాము. వీసాకు ఆదాయపు లెక్కలు అడుగుతారు. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు గనుక మన రైతుల్లో చాలామంది రిటర్ను వేయరు. వీరు పట్టాదారు పాసుపుస్తకం, కౌలు కాగితం, బ్యాంకు ఖాతా నకళ్లు, మేనల్లుడి ఆహ్వానపత్రం జతచేశారు. ఆఖరి నెలలో ఎవరి దగ్గరో తెచ్చి ఖాతాలో పెద్ద మొత్తం వేస్తే అధికారులకు అనుమానం వస్తుంది. కొన్ని నెలలుగా ఉన్న సొమ్మే బలం.

రెండవది వేలిముద్రలు. హైదరాబాదులోని దరఖాస్తు కేంద్రంలో పది వేళ్లూ అద్దం మీద పెట్టమన్నారు. రేషను దుకాణంలో ముద్ర పడక తిరిగివచ్చిన చేతులు మన ఊళ్లలో ఎన్ని లేవు! నలభై ఏళ్లు నారు పీకి, ఊడ్చి, కొబ్బరిపీచు ఒలిచిన ఆమె వేళ్ల గీతలు అరిగిపోయాయి. నాలుగుసార్లు పెట్టించారు. ముందు నెల రోజులు చేతులకు నూనె రాసుకొని, బరువు పనులు మానితే మేలని అక్కడి అమ్మాయే చెప్పిందట. ఐదవసారి పడింది.

హాలండు చూసినవారు గాలిమరలు, తులిప్ పువ్వుల గూర్చి చెబుతారు. తులిప్‌ల కాలం మే నడిమికల్లా అయిపోతుంది. వీరు చేరేసరికి పూలు లేవు. అయితే ఆయన చూసింది నీటిని. ఆ దేశం కూడా మనలాగే డెల్టా. రైను, మ్యూజ్ నదులు సముద్రంలో కలిసేచోట కట్టుకొన్న దేశం. నాలుగవ వంతు భూమి సముద్రమట్టానికి దిగువన ఉంది. కిండర్‌డైక్ అనే ఊరిలో 19 గాలిమరలు వరుసగా నిలిచి ఉన్నాయి. అవి ఎక్కువగా 1740 ప్రాంతంలో కట్టినవి. పిండి విసరడానికి కాదు, పొలాల మురుగు నీటిని ఎత్తి కాలువలో పోయడానికి కట్టినవి. మన ఇంజను చేసే పని రెండువందల ఏళ్లకు పైగా గాలి చేసిందన్నమాట. “మన డ్రెయిను కూడా ఇలా ఎత్తి పోసుకోవాలి గాని, దానంతటది దిగదే!” అని ఆయన మేనల్లుడితో గంటసేపు వాదించారట.

1953 ఫిబ్రవరి 1 తెల్లవారుజామున అక్కడ సముద్రం గట్లు తెంచుకొని వచ్చి 1,836 మంది చనిపోయారు. ఆ తరువాత వారు ముప్పై ఏళ్లకు పైగా కష్టపడి ఏటిమూతుల దగ్గర ఆనకట్టలు, తలుపులు కట్టారు. వాటిలో అతిపెద్దది ఈస్టర్‌షెల్డ్ అడ్డుకట్ట, దాదాపు 9 కిలోమీటర్లు. మామూలు రోజులలో దాని తలుపులు తెరచి ఉంచుతారు. ఆటుపోట్లు సాగాలి, చేపలు బ్రతకాలి, తుపాను వస్తే మూయాలి. అది ప్రారంభమైంది 1986 అక్టోబరులో. ఆ సంవత్సరం వినగానే వీరిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నారట. మన ఇళ్లు మునిగి అప్పటికి రెండు నెలలు కాలేదు.

ఈ గట్లకు డబ్బు ఎవరిస్తారని ఆయన అడిగారు. అక్కడ 21 నీటి సంఘాలు ఉన్నాయి. కొన్నిటి మూలాలు 13వ శతాబ్దానివి. భూమి ఉన్నవాడు, ఇల్లున్నవాడు, కాపురమున్నవాడు అందరూ వాటికి పన్ను కడతారు. నాలుగేళ్లకోసారి ఎన్నికలు. మనకూ 1997 చట్టం ప్రకారం నీటి సంఘాలు వచ్చాయి. 2024 డిసెంబరులో వాటికి ఎన్నికలు జరిగాయి. చట్టం రెండు చోట్లా ఉంది. మురుగుకాలువలో గుర్రపుడెక్క మాత్రం మన దగ్గరే ఉంది. ఈ మాట ఆయనది కాదు, మాది.

ఆమె సంగతి వేరు. మోకాళ్ల నొప్పి మనిషి. బయలుదేరే మూడు నెలల ముందునుండి రోజూ గుడివరకు నడిచింది. విమానాశ్రయాలలో టిక్కెట్టు తీసుకొనేటప్పుడే అడిగితే చక్రాల కుర్చీ ఉచితంగా ఇస్తారు. సిగ్గుపడి అడగనివారు నష్టపోతారు. ఇంటినుండి రొయ్యల పచ్చడి పట్టుకెళ్లింది, అది పోనిచ్చారు. కోడిమాంసం పచ్చడి, నెయ్యి మాత్రం ఆ దేశాల్లోకి అనుమతించరని మేనల్లుడు ముందే చెప్పాడు. అక్కడి పాడి ఆవులను చూసి “వీటికి కట్టుతాడు లేదేంటండీ” అన్నదట. స్టేషన్లలో మరుగుదొడ్డికి కూడా డబ్బులు తీసుకోవడం ఆమె ఇప్పటికీ క్షమించలేదు.

తరువాత రైలెక్కి జర్మనీలోని విట్టెన్‌బర్గ్ వెళ్లారు. 1517లో లూథరు తన 95 సిద్ధాంతాలు ప్రకటించిన ఊరు. అప్పటి చెక్క తలుపు 1760లో కాలిపోయింది, ఇప్పుడున్నది 1858 నాటి కంచు తలుపు. మమ్మల్ని ఎక్కువ కదిలించినది అక్కడికి దగ్గరలోని హాలే పట్టణం. తరంగంబాడిలోను, చెన్నపట్నంలోను పనిచేసిన బెంజమిన్ షుల్జ్ అను జర్మను మిషనరీ తెలుగు నేర్చుకొని, 1743లో స్వదేశం చేరి, 1746, 47లలో ఈ హాలేలోనే తెలుగు అక్షరాలతో చిన్న పుస్తకాలు అచ్చు వేయించాడు. మొదటి తెలుగు అచ్చు పుస్తకాలుగా వాటినే చెబుతారు. గోదావరి మీద ఆనకట్ట పని 1847లో మొదలయ్యేనాటికి వంద సంవత్సరాల ముందు మాట. ఆమె ఐదో తరగతి చదివింది. ఆ ఊరి అనాథశాల ఆవరణలో కూర్చొని, “మన అక్షరాలు మనకంటె ముందే ఇక్కడికి వచ్చేశాయి” అన్నదని మేనల్లుడు మాకు ఫోనులో చెప్పాడు.

మంచుకొండల గూర్చి అందరూ రాస్తారు గనుక మేము విడిచిపెడుతున్నాము. వీరు అక్కడికి వెళ్లనూ లేదు.

తిరిగి వచ్చాక సంఘంలో మాటలు వినబడ్డాయి. ఈ వయసులో ఎందుకంటారు కొందరు. అంత సొమ్ముతో కొడుకు చెరువుకు మేత వచ్చేదని మరికొందరు. యెరూషలేము వెళ్లకుండా అక్కడేమిటని ఇంకొకరు మమ్మల్నే అడిగారు. కొడుకు కూడా మొదట అలిగాడు. మేము అతనితో ఒకటే అన్నాము: “బాబూ, నీ చదువుకు అమ్మిన ఎకరం గురించి మీ నాన్నగారు ఎప్పుడైనా లెక్క అడిగారా?” అతడు జవాబు చెప్పలేదు గాని, తిరుగు ప్రయాణంలో రాజమండ్రి విమానాశ్రయానికి కారు తీసుకొని తానే వెళ్లాడు. తల్లిదండ్రుల ముసలితనపు సొమ్ము పిల్లల సొమ్మే అనుకోవడం మన ఇళ్లలో పాతుకొన్న అలవాటు. దానిని మేము ఒప్పుకోము.

ఇక కాటన్ గారి మాట. ఆయన 1899 జూలైలో ఇంగ్లండులోని డార్కింగ్ అనే ఊరిలో కన్నుమూశారు. సమాధి అక్కడి శ్మశానవాటికలోనే ఉంది. 1836లో ఆ ఇంగ్లండు నుండే, డెవన్ సీమలోని బార్న్‌స్టేపుల్ ఊరినుండి బౌడెన్, బీర్ అను ఇద్దరు భార్యలతో సహా ఓడెక్కి వచ్చి మన నరసాపురం ప్రాంతంలో స్థిరపడ్డారు. ఈ రెండు ఊళ్లూ చూడాలని ఆయన కోరిక. ముందు మోకాలు ఆపరేషను, తరువాత ఇంగ్లండు అని ఆమె షరతు పెట్టింది. పాసుపోర్టులు రెండూ పాసుపుస్తకంతో పాటు ఇనపపెట్టెలో ఉన్నాయి. తాళం ఆమె దగ్గర ఉంది.