అంకెలకు రంగులు: స్ప్రెడ్‌షీట్‌లో పోల్చి చూడటం



గుజరాత్‌లో సూరత్ నగరానికి ఎగువన, తాపీ నది ఒడ్డున కామ్‌రేజ్ ఉంది. ఇంకా ఎగువన ఉకాయ్ జలాశయం ఉంది. 2006 ఆగస్టులో ఉకాయ్ నుండి వదిలిన వరదనీటితో తాపీ పొంగి సూరత్‌లో చాలా భాగం మునిగిపోయింది. తెలంగాణ జిల్లాల నుండి మగ్గాల పనికి వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఆ నగరంలో ఉన్నాయి. ఇలాంటి చోట నీటిమట్టాల పట్టికను సరిగా చదవడం ప్రాణాలకు సంబంధించిన పని. అందుకు స్ప్రెడ్‌షీట్ ఎలా సాయపడుతుందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఉకాయ్ పూర్తి నీటిమట్టం 345 అడుగులు. అయితే వానాకాలంలో వరదకు చోటు మిగల్చాలి కనుక, ఏ తేదీకి ఎంతవరకు నింపవచ్చో ముందే ఒక పరిమితి నిర్ణయిస్తారు. అభ్యాసం కోసం కొన్ని ఊహాంకెలు తీసుకుందాం. మొదటి అడ్డువరుసలో శీర్షికలు రాయండి. 'ఎ' నిలువువరుసలో 1 నుండి 5 వరకు తేదీలు, 'బి'లో నీటిమట్టం, 'సి'లో పరిమితి వేయండి.

నీటిమట్టం: 330, 331, 334, 338, 343
పరిమితి: 333, 333, 333, 334, 334

ఇప్పుడు బి2 నుండి బి6 వరకు గడులను ఎంచుకోండి. ఎక్సెల్‌లో హోమ్ మెనూలోని కండిషనల్ ఫార్మాటింగ్‌కు వెళ్ళి, హైలైట్ సెల్స్ రూల్స్‌లో గ్రేటర్ దాన్ అన్నదాన్ని నొక్కి, 345 ఇవ్వండి. ఏం జరిగింది? ఒక్క గడి కూడా ఎర్రబడలేదు. అంతా క్షేమమే అనిపిస్తుంది!

ఆ నియమం తీసివేసి, న్యూ రూల్‌లో ఫార్ములా పద్ధతిని ఎంచుకోండి. =బి2>సి2 అని, ఇంగ్లీషు అక్షరాలలో, టైపు చేసి ఎరుపు రంగు ఇవ్వండి. ఈసారి 3, 4, 5 తేదీలు ఎర్రబడతాయి. అంకెలు మారలేదు, మనం అడిగిన ప్రశ్న మారింది. "జలాశయం నిండిందా?" అన్నది మొదటి ప్రశ్న. "ఈ తేదీకి ఉండవలసినదాని కంటె ఎక్కువ ఉందా?" అన్నది రెండవది. హెచ్చరిక ఇచ్చినది రెండవ ప్రశ్నే.

ఫార్ములాను ఎంచుకున్న మొదటి గడికి రాస్తే చాలు. కింది గడులకు బి3>సి3, బి4>సి4 అని ఎక్సెల్ తానే మార్చుకుంటుంది. పొరపాటున బి3>సి3 అని మొదలుపెడితే రంగులన్నీ ఒక వరుస పైకి జరుగుతాయి.

ఇక 'డి' నిలువువరుసలో ముందురోజు కంటె ఎంత పెరిగిందో లెక్కకట్టండి. డి3లో =బి3-బి2 అని వేసి కిందికి లాగితే 1, 3, 4, 5 వస్తాయి. వీటికి డేటా బార్స్ ఇవ్వండి. పట్టీలు రోజురోజుకూ పొడవవుతుంటే, నీరు పెరగడమే కాదు, పెరిగే వేగమూ హెచ్చుతోందని చూడగానే తెలుస్తుంది. ఈ పట్టీలు ఎక్సెల్ 2007తో వచ్చాయి. అంతకు ముందు ఒక గడికి మూడు నియమాలకు మించి ఇవ్వడానికి వీలుండేది కాదు.

మూడు జాగ్రత్తలు గుర్తుంచుకోండి.

ఒకటి: గడిలో "331 అడుగులు" అని రాయకండి. అది అంకె కాక అక్షరాల కింద లెక్కకు వస్తుంది. ఎక్సెల్ అక్షరాలను ఏ అంకె కన్నా పెద్దవిగా భావిస్తుంది కనుక, ఆ గడి లేని ప్రమాదాన్ని చూపి ఎర్రబడుతుంది.

రెండు: ఖాళీ గడిని ఈ పోలికలో సున్నాగా తీసుకుంటుంది. కొలత రాని రోజు కూడా రంగు లేక, క్షేమంగా ఉన్నట్లు కనిపిస్తుంది. కాబట్టి ఖాళీ గడులకు వేరే నియమంతో బూడిద రంగు ఇవ్వండి.

మూడు: ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియనివారు ఉంటారు. నలుపు తెలుపులో ముద్రిస్తే ఎవరికీ తెలియదు. అందుచేత రంగుతోపాటు అక్షరాలను బొద్దుగా కూడా చేయండి.

అభ్యాసం: మీ ఊరి చెరువు మట్టాన్నో, మీ తరగతి హాజరునో పట్టికగా వేయండి. రంగు ఇచ్చే ముందు, ఆ రంగు ఏ ప్రశ్నకు జవాబు చెప్పాలో ఒక వాక్యంలో రాయండి. ఆ వాక్యం కుదిరితే ఫార్ములా రాయడం కష్టం కాదు.