నిద్రపోయే యాప్‌ని తరమకండి!

ఫోన్‌ పక్కన పెట్టేముందు తెరిచిన యాప్‌లన్నిటినీ వేలితో పైకి తోసేయడం... ఇప్పుడు ఇంటింటా అలవాటు. అలా చేస్తే చార్జింగ్‌ మిగులుతుందని నమ్మకం. మరి నిజంగానే మిగులుతుందా? సముద్రం పక్కనే ఉండే అల్లవరం లాంటి చోట ఈ ప్రశ్నకి జవాబు తెలుసుకోవడం మరీ అవసరం!

పొద్దున్నే అల్లవరం సెంటర్లో టీ కొట్టు. ఒకాయన ఫోన్‌లో రొయ్య రేటు చూస్తుంటాడు. పక్కనున్నాయన కొబ్బరికాయ ధర ఎంతుందో ఎవరినో అడుగుతుంటాడు. మరో పెద్దాయన కువైట్‌లో ఉన్న కూతురు రాత్రి పంపిన వీడియో నాలుగోసారి చూసి మురిసిపోతుంటాడు. టీ అయిపోతుంది. ఫోన్లు జేబుల్లోకి వెళ్లేముందు మాత్రం అందరూ ఒకే పని చేస్తారు. తెరిచిన యాప్‌లన్నిటినీ వరసగా తెరమీదికి తెచ్చి టకటకా పైకి తోసేస్తారు.

‘అన్నీ తెరిచుంటే చార్జింగ్‌ తినేస్తాయండీ... ఆయ్‌!’ అని ఒకరంటే మిగతావాళ్లు తలూపుతారు.

ఇళ్లల్లోనూ అంతే. ‘ఏంటి నాన్నమ్మా, ఇన్ని వదిలేశావు... ఫోన్‌ స్లో అయిపోద్ది’ అంటూ మనవడు ఫోన్‌ లాక్కుని ఖాళీ చేసి ఇస్తాడు. గదిలోంచి బయటికొస్తూ లైటు ఆర్పినట్లే, అన్నం ఉడికాక పొయ్యి కట్టేసినట్లే ఇదీ ఒక పొదుపు అనుకుంటాం. అలా అనుకోవడంలో తప్పులేదు. కాకపోతే, ఆ పోలిక నేటి ఫోన్లకి కుదరదు.

అలవాటు ఎక్కడిది?

ఈ అలవాటు ఊరికే రాలేదు. ఒకప్పుడు అది నిజంగా అవసరమే. నోకియా సింబియన్‌ ఫోన్ల రోజుల్లో ఏదైనా అప్లికేషన్‌ని మూయకుండా వదిలేస్తే అది వెనకాల నడుస్తూనే ఉండేది. జ్ఞాపకశక్తి, అదే ర్యామ్‌, అప్పుడు చాలా తక్కువ. 2008లో వచ్చిన తొలి ఆండ్రాయిడ్‌ ఫోన్‌లో ఉన్న ర్యామ్‌ 192 ఎంబీ మాత్రమే! నాలుగు యాప్‌లు తెరిస్తే ఫోన్‌ ఆయాసపడేది. అందుకే ఆ రోజుల్లో వెనకాల నడిచేవాటిని ఆపడానికే ‘టాస్క్‌ కిల్లర్‌’ అనే యాప్‌లు వచ్చాయి. జనం ఎగబడి వేసుకున్నారు. కంప్యూటర్‌ మీద పనిచేసేవారికీ కిటికీలన్నీ మూసి లేవడం అలవాటే.

ఫోన్లు మారాయి. అలవాటు మాత్రం అన్న నుంచి తమ్ముడికీ, మనవడి నుంచి నాన్నమ్మకీ వచ్చేసింది.

ఒడ్డుకి లాగిన పడవ

ఇంతకీ మనం ఒక యాప్‌లోంచి బయటికి వచ్చేశాక లోపల ఏం జరుగుతుంది? ఇది అర్థం కావాలంటే అల్లవరం నుంచి ఓడలరేవు దాకా వెళితే చాలు. వైనతేయ గోదావరి సముద్రంలో కలిసే చోటు అది. వేట ముగించుకొచ్చిన పడవల్ని మత్స్యకారులు ఒడ్డుకి చేర్చి ఉంచుతారు. పడవ కళ్లెదుటే ఉంటుంది. కానీ ఇంజిన్‌ ఆగిపోయి ఉంటుంది. చుక్క డీజిల్‌ ఖర్చుకాదు.

మన ఫోన్‌లో వెనక్కి వెళ్లిన యాప్‌లు చాలావరకూ అలాంటి పడవలే. వాటి బొమ్మలు వరసలో కనిపిస్తాయి కాబట్టి అన్నీ నడుస్తున్నాయని మనం భ్రమపడతాం. నిజానికి ఐఫోన్‌లో అయితే బయటికి వచ్చిన కొద్ది క్షణాల్లోనే మామూలు యాప్‌లని నిద్రపుచ్చేస్తుంది. ఇటీవలి ఆండ్రాయిడ్‌లూ వాడకుండా పక్కనపెట్టిన యాప్‌ని కదలకుండా గడ్డకట్టించేస్తాయి. అది ర్యామ్‌లో కాస్త చోటు ఆక్రమిస్తుందంతే, ప్రాసెసర్‌తో పని చేయించుకోదు.

మరి ఆ చోటు ఖాళీ చేస్తే లాభం కదా అనొచ్చు. అక్కడే ఉంది తిరకాసు. ర్యామ్‌ నిండుగా ఉన్నా, ఖాళీగా ఉన్నా అది వాడుకునే కరెంటు దాదాపు ఒకటే. ఖాళీగా ఉంచితే ఒరిగేది లేదు. చోటు చాలకపోతే ఫోనే చాలాసేపటి నుంచి వాడని యాప్‌ని తనంతట తాను తీసేస్తుంది. ఆ పని దానికి ఎవరూ చెప్పక్కర్లేదు.

పైగా తోసేస్తే నష్టమే. ఒడ్డున ఉన్న పడవని విప్పదీసి చెక్కలన్నీ ఇంటికి మోసుకుపోయి, మర్నాడు మళ్లీ తెచ్చి బిగించుకుని వేటకి వెళితే ఎలా ఉంటుంది? రోజుకి ఇరవైసార్లు తెరిచే యాప్‌ని ఇరవైసార్లు తోసేయడమూ అంతే. ప్రతిసారీ మొదటినుంచి అంతా లోడ్‌ చేసుకోవాలి. ప్రాసెసర్‌కి అదనపు పని, మనకి అదనపు ఎదురుచూపు.

తయారుచేసినవాళ్లే చెప్పారు

ఈ సందేహం ఊళ్లో టీ కొట్టు దగ్గరే కాదు, అమెరికాలోనూ వచ్చింది. ‘మీరు తరచూ యాప్‌లు మూసేస్తుంటారా, బ్యాటరీ కోసం అది అవసరమా?’ అని 2016 మార్చిలో ఓ వినియోగదారుడు యాపిల్‌ అధిపతి టిమ్‌ కుక్‌కి మెయిల్‌ రాశాడు. దానికి ఆ సంస్థలో సాఫ్ట్‌వేర్‌ విభాగం చూసే క్రెయిగ్‌ ఫెడెరీగి జవాబిచ్చారు. రెండిటికీ కలిపి ఆయన చెప్పింది ఒకటే... లేదు! ఆ నెలలోనే గూగుల్‌లో ఆండ్రాయిడ్‌ బాధ్యతలు చూస్తున్న హిరోషి లాక్‌హైమర్‌ కూడా అలా మూసేయడంవల్ల బ్యాటరీ మీద కాస్త ఎక్కువ భారమే పడొచ్చన్నారు. యాప్‌ స్పందించకుండా బిగుసుకుపోయినప్పుడు తప్ప మూయనక్కర్లేదన్నది యాపిల్‌ ఇప్పటికీ ఇచ్చే సలహా.

నిజంగా వెనకాల నడిచేవాటిని అదుపు చేసే ఏర్పాట్లూ ఫోన్‌లోకి వచ్చేశాయి. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్‌ 6లో ‘డోజ్‌’ అనేది చేర్చారు. అంటే కునుకు అన్నమాట. ఫోన్‌ కదలకుండా పక్కన పడి ఉంటే వెనకాల పనులన్నిటినీ అది వాయిదా వేస్తుంది. 2018లో వచ్చిన ఆండ్రాయిడ్‌ 9 ఇంకో అడుగు ముందుకేసి, మనం ఏ యాప్‌ని ఎక్కువ వాడతామో, దేన్ని అసలు ముట్టుకోమో గమనించి దాన్నిబట్టి పవర్‌ పంచడం మొదలుపెట్టింది.

కబురు అందకపోతే...

ఇంతవరకూ అయితే ‘పోనీలే, ఓ పనికిరాని అలవాటు’ అని వదిలేయొచ్చు. కానీ అల్లవరంలో ఫోన్‌ అంటే కాలక్షేపం ఒక్కటే కాదు.

కోనసీమలో గల్ఫ్‌ దేశాలకి వెళ్లినవాళ్లున్న ఇళ్లు చాలా ఎక్కువ. పని ముగించుకున్నాక అర్ధరాత్రి దాటి తల్లి చేసే కాల్‌ కోసం ఇక్కడ పిల్లలు ఎదురుచూస్తుంటారు. చెరువుల దగ్గర పరిస్థితి ఇంకోలా ఉంటుంది. రాత్రిపూట ఏరేటర్లు ఆగిపోతే నీటిలో ప్రాణవాయువు తగ్గిపోయి తెల్లారేసరికి రొయ్యలు తేలిపోతాయి. కరెంటు పోగానే ఫోన్‌కి కబురు పంపే పరికరాన్ని నమ్ముకున్న రైతుకి ఆ మోత వినిపించాల్సిందే. ఇక వేటకి వెళ్లేవాళ్లకీ, పొలంలో ఉండేవాళ్లకీ పిడుగుల గురించి హెచ్చరించే ‘దామిని’, విపత్తుల సమాచారం ఇచ్చే ‘సచేత్‌’ లాంటి ప్రభుత్వ యాప్‌లున్నాయి.

తోసేయడం అలవాటైనవాళ్లు ఒక్కోసారి ఇంకాస్త ముందుకెళ్తారు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ‘ఫోర్స్‌ స్టాప్‌’ నొక్కేస్తారు. అది నొక్కితే ఆ యాప్‌ని మళ్లీ మనం తెరిచేదాకా దాని నుంచి ఒక్క కబురూ రాదు. మామూలుగా తోసేస్తే చాలా ఫోన్లలో మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి. కొన్ని కంపెనీల ఫోన్లలో మాత్రం తోసేసినా ఫోర్స్‌ స్టాప్‌ చేసినట్లే అయిపోతుంది. పిడుగు హెచ్చరిక రాదు, అమ్మ కాల్‌ మోగదు. రెండు శాతం బ్యాటరీ మిగిల్చుకుందామని చూస్తే అసలుకే ఎసరన్నమాట.

ఒక ఊరట ఏమిటంటే, 2023లో చాలామంది ఫోన్లు ఉన్నట్టుండి పెద్దగా మోగి, తెర మీద అత్యవసర సందేశం కనిపించింది... గుర్తుందా? అది టెలికాం శాఖ, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ కలిసి చేసిన పరీక్ష. ఆ సందేశం టవర్‌ నుంచి నేరుగా వస్తుంది. దానికి యాప్‌తో పనిలేదు. కానీ ఫోన్‌లో చార్జింగ్‌, టవర్‌ సిగ్నల్‌ మాత్రం ఉండాలి.

మరి చార్జింగ్‌ తినేదెవరు?

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర్లో తీరం దాటింది. చెట్లు, స్తంభాలు కూలి కోనసీమలో ఎన్నో ఊళ్లకి కరెంటు పోయింది. అలాంటి రాత్రి ఫోన్‌లో మిగిలిన చార్జింగ్‌ విలువ ఎంతో తీరంలో ఉన్నవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. దాన్ని కాపాడుకోవాలంటే అసలు దొంగలెవరో తెలియాలి.

మొదటి దొంగ మన కళ్లముందే ఉంటుంది... తెర! వెలుతురు ఎంత ఎక్కువగా పెడితే అంత ఖర్చు. రెండోది బలహీనమైన సిగ్నల్‌. టవర్‌ దూరమయ్యేకొద్దీ ఫోన్‌ దాన్ని అందుకోడానికి గట్టిగా అరవాల్సి వస్తుంది. ఒడ్డు వదిలి సముద్రంలోకి పోయినప్పుడు జేబులో ఉన్న ఫోన్‌ వాడకుండానే అయిపోయేది అందుకే. మూడోది, లొకేషన్‌ని ఆపకుండా వాడుకునే మ్యాప్‌ లాంటి యాప్‌లు. నాలుగోది గంటల తరబడి సాగే వీడియోలు, వీడియో కాల్స్‌, ఆటలు.

ఎవరి ఫోన్‌లో ఏది ఎక్కువ తింటోందో ఊహించుకోనక్కర్లేదు. సెట్టింగ్స్‌లో ‘బ్యాటరీ’ అన్నచోట నొక్కితే ఏ యాప్‌ ఎంత శాతం వాడిందో జాబితా కనిపిస్తుంది. ఎప్పుడూ వాడని యాప్‌ ఆ జాబితాలో పైన ఉంటే తోసేయడం కాదు, ఏకంగా తీసేయడమే మందు.

కరెంటు లేని రాత్రికి...

* తుపాను కబురు తెలియగానే ఫోన్‌తోపాటు పవర్‌బ్యాంకునీ నిండా చార్జ్‌ చేసి పెట్టుకోవాలి.
* కరెంటు పోయిన వెంటనే ‘బ్యాటరీ సేవర్‌’ వేసుకుని, తెర వెలుతురు తగ్గించాలి. హెచ్చరికలిచ్చే యాప్‌లకి మాత్రం బ్యాటరీ సెట్టింగ్స్‌లో మినహాయింపు ఇచ్చి ఉంచాలి.
* ఇంట్లో నాలుగు ఫోన్లుంటే అన్నీ ఒకేసారి వాడకుండా ఒకటి వాడుతూ, ఒకటి పూర్తిగా ఆపి దాచుకోవచ్చు.
* సిగ్నల్‌ బొత్తిగా లేనిచోట ‘ఎయిర్‌ప్లేన్‌ మోడ్‌’లో పెడితే చార్జింగ్‌ నిలుస్తుంది. సిగ్నల్‌ ఉన్నచోటికి రాగానే మర్చిపోకుండా తీసేయాలి. లేకపోతే కాల్స్‌, హెచ్చరికలు రావు.
* దారి చూపే మ్యాప్‌, పాటలు, వీడియో కాల్‌... వీటిని పని అవగానే ఆపాల్సిందే. ఇవి ఒడ్డున పడవలు కావు, ఇంజిన్‌ నడుస్తున్నవి.
* యాప్‌ కదలకుండా బిగుసుకుపోయినా, ఫోన్‌ కారణం లేకుండా వేడెక్కుతున్నా ఆ ఒక్కదాన్నే తోసేయాలి. తగ్గకపోతే ఫోన్‌ ఒకసారి ఆపి వేయాలి.

ఇన్నీ తెలిశాక కూడా టీ తాగడం అయిపోగానే వేలు దానంతటదే తెర మీదికి వెళ్తుంది. ఏళ్లనాటి అలవాటు మరి, ఒక్కరోజులో పోదు. ఈసారి అలా వెళ్లినప్పుడు ఓడలరేవు ఒడ్డున ఉన్న పడవల్ని ఓసారి తలచుకుంటే సరి. వాటి మానాన వాటిని ఉండనిస్తే, రేపు పొద్దున్నే మళ్లీ వేటకి సిద్ధంగా ఉంటాయి!