దాంపత్యంలో నొప్పి: ముట్లుడిగిన స్త్రీలు చెప్పుకోలేని బాధ

నలభై అయిదు, యాభై ఏళ్ళ స్త్రీలు వైద్యుని వద్దకు వచ్చినప్పుడు మొదట మోకాళ్ళ నొప్పులు చెబుతారు. తరువాత నిద్ర పట్టడం లేదంటారు. మందు చీటీ తీసుకొని లేచి, తలుపు దగ్గర ఆగి, గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పేవారిని నేను అనేకమందిని చూశాను. కలయిక సమయంలో మంట, గీరుకుపోయినట్లు నొప్పి, మరునాడు మూత్రవిసర్జనలో చురుకు. భర్త దగ్గరకు వస్తే భయం. ఆయనేమో భార్యకు తనపై ఇష్టం తగ్గిందని ముభావంగా ఉంటారు. ఇద్దరి మధ్యా మాటలు తగ్గిపోతాయి. సోదరీమణులారా, ఇది మనస్సుకు సంబంధించిన లోపం కాదు, శరీరంలో జరిగే స్పష్టమైన మార్పు. దీనికి చికిత్స కలదు.

అండాశయాల నుండి వెలువడే ఈస్ట్రోజెన్ అనే హార్మోను యోనిమార్గపు పొరను మందంగా, తడిగా, సాగే గుణంతో ఉంచుతుంది. ఆ పొరలోని చక్కెర పదార్థాన్ని ఆధారం చేసుకొని లాక్టోబాసిల్లస్ అనే మేలుచేసే సూక్ష్మజీవులు జీవిస్తాయి. అవి ఆ ప్రదేశాన్ని ఆమ్లగుణంతో నిలిపి చెడు క్రిములను చేరనివ్వవు. ముట్లు ఆగిన తరువాత ఈ హార్మోను తగ్గుతుంది. పొర పలుచబడుతుంది, తడి ఆరిపోతుంది, ఆమ్లగుణం క్షీణిస్తుంది. అందువలననే మూత్రంలో మంట, మాటిమాటికీ మూత్రానికి వెళ్ళవలసి రావడం కూడా తోడవుతాయి. ఒంట్లో ఆవిర్లు కొన్నేళ్ళకు తగ్గుతాయి గానీ, ఈ పొడితనం దానంతటది తగ్గదు. పాలిచ్చే తల్లులకు కూడా కొంతకాలం ఇట్టి స్థితి కలుగుతుంది.

మన దేశంలో స్త్రీలకు సగటున 46, 47 ఏళ్ళకే ముట్లు ఆగిపోతాయి. మన తెలుగువారిలో మరొక కారణం కూడా తోడయింది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తంమీద సుమారు 3 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9, తెలంగాణలో 8 శాతం వరకు ఉన్నారు. గర్భసంచితో పాటు అండాశయాలనూ తొలగించినట్లయితే హార్మోను ఒక్కసారిగా ఆగిపోతుంది. ముప్పై అయిదేళ్ళ యువతికి యాభై అయిదేళ్ళ బాధలు వస్తాయి. ఆపరేషన్‌కు ముందు ఈ మాట ఆమెకు ఎవరూ చెప్పరు! అండాశయాలు ఉంచుతారా, తీస్తారా అని ముందే అడిగి తెలుసుకోవడం ప్రతి స్త్రీ హక్కు.

చరక సంహిత చికిత్సాస్థానంలో 30వ అధ్యాయం స్త్రీ వ్యాధులకు సంబంధించినది. అందు 20 విధాల యోనివ్యాపత్తులు వర్ణింపబడినవి. వాటిలో 'శుష్క' ఒకటి. సంగమకాలంలో మలమూత్ర వేగాలను అణచుకోవడం వలన వాతం ప్రకోపించి యోనిముఖం ఎండిపోతుందని ఆచార్యుని వివరణ. ముందుగది దాటి స్నానాలగదికి వెళ్ళాలంటే సిగ్గుపడే మన ఇళ్ళ కోడళ్ళకు ఈ మాట నేటికీ వర్తిస్తుందని నాకు అనిపిస్తుంది. వాతదోషం లేకుండా యోని దూషితం కాదని కూడా అక్కడే చెప్పబడింది. కావున చికిత్సకు మూలం స్నేహనం, అనగా జిడ్డు, మెత్తదనం కలిగించడం.

ఈ సూత్రానికి విరుద్ధంగా మన ఇళ్ళలో జరిగేది చూడండి. బాధ ఏదైనా సరే పటికనీళ్ళతో, వేపకషాయంతో, క్రిమిసంహారక మందు కలిపిన నీళ్ళతో లోపల కడుగుతారు. పటిక, కషాయరసం గలవి ఉన్న తడిని కూడా పీల్చివేస్తాయి. సువాసన సబ్బులు కూడా అంతే. మేలుచేసే సూక్ష్మజీవులు కొట్టుకుపోయి దురద, దుర్వాసన కొత్తగా మొదలవుతాయి. యోనిమార్గానికి లోపల కడగవలసిన అవసరమే లేదు. వెలుపల మంచినీరు చాలు.

గోరువెచ్చని నువ్వులనూనెను రాత్రివేళ వెలుపలి భాగాన మృదువుగా రాస్తే మంట, బిగువు తగ్గుతాయి. నూనెలో తడిపిన దూదిని లోపల ఉంచే పిచు చికిత్సను మాత్రం వైద్యుని పర్యవేక్షణలోనే చేయించుకోవాలి. ఇంట్లో సొంతంగా చేసుకొంటే ఇన్ఫెక్షన్ రావచ్చు. నిరోధ్ వాడే దంపతులు నూనె వాడరాదు, నూనె తగిలితే అది చిరిగిపోతుంది. వారికి మందుల దుకాణంలో దొరికే నీటితో తయారైన జెల్లీ మంచిది. శతావరి, అనగా మన పిల్లిపీచర వేళ్ళ చూర్ణం 3 గ్రాములు పాలతో రాత్రి సేవించే ఆచారం కలదు. అది బలాన్నిస్తుంది గానీ, దానితోనే పొడితనం పోతుందని ఆశపడవద్దు. రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స పొందినవారు వైద్యుని అడగకుండా దీనిని వాడరాదు.

రెండు మూడు నెలలలో ఉపశమనం లేకపోతే స్త్రీ వైద్య నిపుణురాలిని కలవండి. అతి స్వల్ప మోతాదులో లోపల రాసుకొనే ఈస్ట్రోజెన్ క్రీము చాలామందికి కొన్ని వారాలలోనే గుణమిస్తుంది. ఆయుర్వేద వైద్యుడినైనా ఈ మాట చెప్పడానికి నాకు సంకోచం లేదు.

భర్తలకు ఒక మాట. ఈ వయస్సులో శరీరం సిద్ధపడడానికి వ్యవధి పడుతుంది. తొందర వలన నొప్పి, నొప్పి వలన భయం, భయం వలన కండరాలు బిగిసి మరింత నొప్పి కలుగుతాయి. నొప్పి తగ్గేవరకు కలయిక మానినా, దగ్గర కూర్చొని మాట్లాడడం మానవద్దు.

ముట్లు ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనబడినా, కలయిక తరువాత రక్తస్రావమైనా, దుర్వాసనతో కూడిన స్రావం ఉన్నా గృహవైద్యం చేయరాదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, గర్భసంచి లోపొర క్యాన్సర్ ఈ విధంగానే మొదట కనిపించవచ్చు. అదే వారంలో పరీక్ష చేయించుకోండి.