రూమోళ్లు, మనోళ్లు, ఖల్లివెల్లి: గల్ఫ్ మాటల్లో ఎవరు లోపల, ఎవరు బయట?

గల్ఫ్‌లో ఇబ్బంది పడ్డ కార్మికుడు ఫోన్ చేసినప్పుడు కంపెనీ పేరు కంటే ముందు మేం అడిగే ప్రశ్న ఒకటుంది: "నీతోటి ఎవరున్నరు తమ్మీ?" "మా రూమోళ్లున్నరు" అంటే కొంత ధైర్యం. "గ్యాంగోళ్లున్నరు" అంటే ఇంకో లెక్క. "మనోళ్లెవరూ లేరన్నా" అన్నాడంటే ఆ కేసు కష్టమే. నిఘంటువు తీస్తే ఈ మాటలన్నిటికీ ఒకటే అర్థం కనిపిస్తుంది, చిన్న గుంపు అని. క్యాంపులో మాత్రం ఒక్కోదానికి ఒక్కో బరువు.

దీనికి కారణముంది. సౌదీలో, యూఏఈలో కార్మికులు యూనియన్ పెట్టుకునే హక్కు లేదు. ఇంటి దగ్గరైతే సంఘం చేసే పని ఇక్కడ రూము చేస్తుంది. జీతం ఆలస్యమైతే మెస్ బాకీ ఆపేది రూమోళ్లే. జ్వరమొస్తే సైట్‌లో ఫోర్‌మన్‌కు చెప్పేది వాళ్లే. చిట్టీ పాడి ఊళ్లో చెల్లె పెండ్లికి పైసలు పంపేదీ ఆ ఆరుగురు, ఎనిమిది మందిలోంచే. అందుకే రూమోళ్లు అనే మాటలో ఇంత దగ్గరితనం ఉంటుంది. గ్యాంగ్ అట్ల కాదు. అది ఫోర్‌మన్ పని కోసం కట్టిన జట్టు, పని అయిపోగానే విడిపోతుంది. గ్యాంగ్‌లో పదేళ్లు పక్కపక్కన పనిచేసినోడి ఊరి పేరు తెల్వని వాళ్లున్నారు.

మన దగ్గర ఇట్లాంటి మాటలకు కరువు లేదు. పాలోళ్లు అంటే ఆస్తిలో పాలు, అంటే వాటా ఉన్నోళ్లు. ఒకరు చనిపోతే అందరికీ మైల. పాలు ఉన్నచోట బాధ్యత కూడా ఉందన్నమాట. ముఠా కథ ఇంకా చిత్రం. రంప మన్యంలో ఒకప్పుడు ముఠా అంటే కొన్ని ఊళ్ల సముదాయం, దాని పెద్ద ముఠాదారు. మార్కెట్ యార్డులో ముఠా అంటే బస్తాలు మోసే హమాలీల జట్టు, కూలి అందరూ పంచుకుంటారు. పేపర్లో ముఠా అంటే మాత్రం దొంగలే! కష్టజీవుల మాటకు ఈ గతి పట్టించింది క్రైమ్ వార్తలే అని నా అనుమానం. దీనికి తిరగేసిన కథ కోటరీది. ఇప్పుడు నాయకుడి చుట్టూ చేరి ఎవర్నీ దగ్గరికి రానివ్వనోళ్లను కోటరీ అంటున్నాం గానీ, ఫ్రెంచి భాషలో ఆ మాట పుట్టినప్పుడు దొర భూమిని కలిసి సాగుచేసుకునే కౌలు రైతుల గుంపని అర్థం.

వలసలో అసలు జాగ్రత్తపడాల్సిన మాట గుంపు మేస్త్రీ. పాలమూరు నుంచి దూరప్రాంతాల పనులకు మనుషుల్ని జమచేసి అడ్వాన్సులిచ్చి తీసుకుపోయింది ఈ మేస్త్రీలే. మలయా తోటలకు మన తెలుగోళ్లను, తమిళుల్ని తీసుకుపోయిన కంగాణీదీ ఇదే పద్ధతి. సొంత ఊరోడే, తెలిసినోడే, అప్పు ఇచ్చినోడే. మలయాకు ఇట్ల ఖర్చులు పెట్టి కూలీల్ని పంపడాన్ని ఇండియా ప్రభుత్వం 1938లో ఆపేసింది. పద్ధతి మాత్రం పూర్తిగా పోలేదు. "మనోడే కదా" అని రసీదు లేకుండా వీసా పైసలు ఇచ్చి మోసపోయామని చెప్పేవాళ్ల ఫోన్లు మాకు ఇప్పటికీ వస్తున్నాయి.

మనకు మనం పెట్టుకునే పేర్లు కొన్నైతే, బయటోళ్లు పెట్టే పేర్లు కొన్ని. కోరంగి రేవు నుంచి ఓడెక్కినందుకు బర్మాలో తెలుగోళ్లందరూ కొరంగీలయ్యారు, వాళ్లు శ్రీకాకుళపోళ్లయినా సరే. 1930 మే నెలలో రంగూన్ రేవులో పని ఎవరిదనే గొడవ ముదిరి, ఆ కొరంగీలు బర్మీయుల దాడుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నారు.

అరబ్బులకూ సొంత వలయాలున్నాయి. కువైట్‌లో సాయంత్రం కుటుంబాల మగవాళ్లు, స్నేహితులు కూర్చునే దివానియా అలాంటిదే. చాయ్ పోసే మనోడికి అందులో జరిగేదంతా కనబడుతుంది, మాట కలిపే చోటు మాత్రం ఉండదు. లోపలోళ్లతో పరిచయం ఉంటే పని అవుతుంది, ఆ పలుకుబడికి పేరు వాస్తా. మన భాషలో చెప్పాలంటే పైరవీ.

వాస్తా లేనోడికి మిగిలేది రూమే. అయితే రూము పద్ధతుల్లో రెండు చోట్ల చట్టం అడ్డం వస్తుంది. ఎవరైనా చనిపోతే వెంటనే చందాలు మొదలవుతాయి. మంచి మనసే, కాదనను. కానీ యూఏఈలో 2021 చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా విరాళాలు వసూలు చేయడం నేరం. వాట్సాప్‌లో పిలుపు పెట్టేముందు ఎంబసీని అడగండి. దిక్కులేని కేసుల్లో శవాన్ని ఇంటికి పంపడానికి అక్కడ 2009లో పెట్టిన ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ ఉంది. చనిపోయినతను ఈసీఆర్ పాస్‌పోర్టు మీద క్లియరెన్స్‌తో వచ్చినోడైతే ప్రవాసీ భారతీయ బీమా ఉందేమో కూడా చూడాలి. ప్రమాద మరణానికి అది 10 లక్షల రూపాయలు. రెండోది చిట్టీ. ఎత్తుకున్నోడు రాత్రికి రాత్రి మాయమైతే పోలీసుల దగ్గర చూపించడానికి మీ చేతిలో కాగితం ఉండదు.

అట్ల మాయమైనోడికీ మాట ఉంది, ఖల్లివెల్లి. 'పోనీ, వదిలేయ్' అనే అర్థంలో అరబ్బులు వాడే మాట అది. మనోళ్ల నోట్లో పడి, కంపెనీ వదిలి కాగితాలు లేకుండా బతికే మనిషి అయింది. "వాడు ఖల్లివెల్లి అయిండు" అనగానే రూమ్ వాట్సాప్ గ్రూపులోంచి అతని నంబర్ తీసేస్తారు. భయం ఉంటుంది, తప్పు పట్టలేం. చిట్టీ ఎత్తి పోయినోడి మీద కోపమూ న్యాయమే. కానీ అందరూ అట్ల పోయినోళ్లు కారు, జీతం రాక పోయినోళ్లే ఎక్కువగా మాకు ఫోన్ చేస్తారు. యూఏఈ 2024 సెప్టెంబర్ 1 నుంచి డిసెంబర్ 31 దాకా క్షమాభిక్ష ఇచ్చింది. అప్పుడు జరిమానా లేకుండా ఇంటికి పోయే వీలుండె, లేదంటే కాగితాలు సరిచేసుకునే వీలుండె. ఇట్లాంటి కబురు మొదట తిరిగేది ఆ రూమ్ గ్రూపుల్లోనే, ఆయన పేరు తీసేసిన గ్రూపుల్లోనే. గ్రూపులోంచి తీసేస్తే తీసేయండి గానీ ఫోన్‌లోంచి ఆ నంబర్ తుడిచేయకండి.