ముఖంపై మొటిమలు, తలలో చుండ్రు: ఏకకాల చికిత్సపై ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

శ్రీ సత్యసాయి జిల్లాలోని నంబులపూలకుంట మండలం వర్షాభావ ప్రాంతం. వేరుశనగ చేలలో ఎండకూ దుమ్ముకూ తలగుడ్డ చుట్టుకొని పనిచేసే యువతీయువకులకు తలలో చుండ్రు, నుదుటిపై మొటిమలు కలిసి కనబడటం అరుదు కాదు. చుండ్రు రాలి ముఖం మీద పడితే మొటిమలు పుడతాయనే మాట తెలుగునాట ఇంటింటా వినబడుతుంది. అందులో కొంత సత్యముంది, కొంత పొరపాటుంది. ఆ రెంటినీ వేరుచేసి చూడనందువల్ల ఒకదానికి వాడిన మందు రెండవదానిని పెంచుతున్నది.

ఉమ్మడి మూలం, వేర్వేరు కారకాలు

రెంటికీ ఉమ్మడి మూలం చర్మపు నూనె. దానిని స్రవించే తైలగ్రంథులు తలలోను, నుదుటిపైన, ముక్కు పక్కల, ఛాతీమీద, వీపు పైభాగంలో దట్టంగా ఉంటాయి. యౌవనారంభంలో హార్మోన్ల ప్రభావంతో అవి చురుకవుతాయి. రోమకూపపు నోరు మృతకణాలతో పూడుకొని, లోపల నిలిచిన నూనెలో క్యుటిబాక్టీరియం ఆక్నెస్ అనే బాక్టీరియా పెరిగి వాపు కలిగితే అది మొటిమ. చుండ్రుకు కారణమయ్యేది బాక్టీరియా కాదు, మలసేజియా అనే శిలీంధ్రం. ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ-చార్లెస్ మలసే 1874లో దీనిని వర్ణించాడు. అందరి చర్మంపైనా ఉండే ఈ సూక్ష్మజీవి తనకు కావలసిన కొవ్వు ఆమ్లాలను తాను తయారుచేసుకోలేదు. చర్మపు నూనెను విడగొట్టి తింటుంది. మిగిలిన ఒలీయిక్ ఆమ్లం కొందరి తలచర్మానికి సరిపడక దురద పుట్టి, పొట్టు వేగంగా రాలుతుంది.

కనుక రాలిన పొట్టు మొటిమకు విత్తనం కాదు. అయితే పెద్దల మాటలోని సత్యం తలనూనె దగ్గర ఉంది. జుట్టుకు రాసే జిడ్డు పదార్థాలు నుదుటికి జారి రోమకూపాలను పూడ్చి మొటిమలు కలిగించడాన్ని 1970లో క్లిగ్‌మన్, ఆయన సహచరులు ప్రత్యేకంగా వర్ణించారు. మన ఇళ్లలో చుండ్రును పొడితనమని భావించి మరింత కొబ్బరినూనె గాని ఆముదం గాని పట్టిస్తారు. పొట్టు జుట్టుకు అంటుకొని కనబడకుండా పోతుంది, తగ్గిందనిపిస్తుంది. నిజానికి శిలీంధ్రానికి ఆహారం దొరికింది, నుదుటికి జిడ్డు చేరింది. రాత్రి నూనెతో పడుకుంటే తలగడ ద్వారా చెంపలకూ అదే గతి. నూనె పూర్తిగా మానవలసిన పనిలేదు. తలస్నానానికి అరగంట ముందు జుట్టు పొడవునా రాసి, మాడుకు పట్టించకుండా, ఆపైన కడిగివేయడం మేలు.

మొటిమవలె కనబడే మరొక స్థితి కూడా ఉంది. నుదుటి జుట్టు అంచున, ఛాతీపైన, వీపున ఒకే పరిమాణంలో చిన్నచిన్న పొక్కులు లేచి బాగా దురద పెడితే, నల్లముల్లు కనబడకుంటే, అది రోమకూపాలలో మలసేజియా పెరగడం కావచ్చు. దానికి యాంటీబయాటిక్‌లు వాడితే పోటీ బాక్టీరియా చచ్చి శిలీంధ్రం ఇంకా పెరుగుతుంది.

చికిత్సాక్రమం

చుండ్రుకు 2 శాతం కీటోకొనజోల్ షాంపూను వారానికి రెండుసార్లు, నాలుగు వారాలపాటు వాడాలి. తలచర్మానికి పట్టించి ఐదు నిమిషాలు ఉంచడం ముఖ్యం. వెంటనే కడిగితే మందు పనిచేయదు. కుంకుడుకాయ, సీకాయ జిడ్డును బాగా వదలగొడతాయి, కాని ముదిరిన చుండ్రుకు వాటితోనే సరిపెట్టరాదు. తల వెనక్కు వంచి కడిగి, ముఖం చివర కడుక్కుంటే తలలోని జిడ్డు ముఖంపై నిలవదు.

మొటిమలకు 2.5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్, లేదా రాత్రిపూట 0.1 శాతం అడాపలీన్ శనగగింజంత ముఖమంతటికీ పలుచగా రాస్తారు. మొదటి వారాల్లో ఎరుపు, పొరలు సహజం. ఫలితం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. గర్భిణులు అడాపలీన్ వాడరాదు. బెంజాయిల్ పెరాక్సైడ్ తువ్వాళ్ల రంగు పోగొడుతుందని ముందే చెప్పకపోతే ఇంట్లో తగవే! కనుబొమల్లోను, ముక్కు పక్కల మడతల్లోను ఎర్రగా పొట్టు రేగితే అది ముఖానికి పాకిన చుండ్రు. అక్కడ మొటిమల మందు రాస్తే మంట, పొట్టు రెండూ పెరుగుతాయి. రెండు సమస్యలూ ఉన్నవారిలో తరచు జరిగే పొరపాటిదే.

ఇంతకంటే ప్రమాదకరమైనది మందుల దుకాణంలో చీటీ లేకుండా కొనే స్టెరాయిడ్ క్రీము. బెటామెథసోన్, క్లోబెటసోల్ వంటివి కలిసిన గొట్టాలను మొటిమలకూ, మచ్చలకూ, తెల్లబడటానికీ ఒకటే మందుగా రాస్తున్నారు. మూడు నాలుగు రోజుల్లో ఎరుపు, దురద తగ్గడంతో నమ్మకం కుదురుతుంది. మానగానే రెట్టింపుగా వస్తాయి, మళ్ళీ రాస్తారు. నెలల్లో చర్మం పలుచబడి రక్తనాళాలు కనబడతాయి, ఆడపిల్లలకు ముఖంపై వెంట్రుకలు వస్తాయి, చర్మపు రక్షణశక్తి అణగి శిలీంధ్రం కూడా పెరుగుతుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇటువంటి పూతమందులను వైద్యుని చీటీపైనే అమ్మవలసిన షెడ్యూల్ హెచ్ లోకి చేర్చింది. నియమం వచ్చినా అలవాటు పోలేదు. చీటీ లేనిదే అమ్మరాదన్న సంగతి కొనేవారికి తెలియకపోవడం అందుకొక కారణమని నా అభిప్రాయం.

లోతైన గడ్డలు, గుంటలుపడే మచ్చలు ఉన్నా, నాలుగు వారాల షాంపూతో చుండ్రు తగ్గకున్నా చర్మవైద్యుని చూడాలి. నంబులపూలకుంట వారికి దగ్గరి పట్టణం కదిరి; ఆపైన అనంతపురంలోని ప్రభుత్వ బోధనాసుపత్రి ఉంది. వెళ్లేటప్పుడు ఇంతవరకు ముఖానికి రాసిన ప్రతి గొట్టాన్నీ, ఖాళీదైనా సరే, వెంట తీసుకుపోవాలి.