కొవ్వొత్తి వెలుగున ఇంగ్లీషు పఠనము

రాత్రివేళ ఇంటిలో కరెంటు పోయినచో కొవ్వొత్తి వెలిగింతురు. ఆ కొవ్వొత్తి మంట చుట్టును ఎడతెగక ఒక కరెంటు ప్రవహించుచుండునని ఇంగ్లీషు పుస్తకములో చదివిన తొమ్మిదవ తరగతి విద్యార్థి ఏమనుకొనును? అచ్చుతప్పు అనుకొనవచ్చును, లేదా తనకు ఇంగ్లీషు రాదనుకొని పుస్తకము మూయవచ్చును. సాధారణముగా జరుగునది రెండవదే. నిజమునకు ఆ వాక్యములో అతనికి తెలియని మాట ఒక్కటియు లేదు. తెలిసిన మాటయే అతనిని త్రోవ తప్పించినది. తెలుగు ఇండ్లలో కరెంటు అనగా విద్యుత్తు. ఇంగ్లీషులో ఆ మాటకు మూలార్థము ప్రవాహము. నదిలో నీటి పోకకును, గాలి పోకకును, తీగలోని విద్యుత్తునకును అదే మాట వాడుదురు. కొవ్వొత్తి చుట్టును పైకి లేచునది వేడిగాలి ప్రవాహము.

ఈ మాట గల పుస్తకము మైకేల్ ఫారడేది. లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో 1860-61 క్రిస్మసు సెలవులలో ఆయన బాలబాలికలకు ఆరు ఉపన్యాసములిచ్చెను. వానిని శీఘ్రలిపిలో వ్రాసికొనిరి. విలియం క్రూక్స్ సంపాదకుడుగా 1861లో అవి 'ది కెమికల్ హిస్టరీ ఆఫ్ ఎ కాండిల్' అను పేర వెలువడెను. ఈ పేరులోనే మరియొక చిక్కు కలదు. హిస్టరీ అనగానే విద్యార్థికి రాజులును యుద్ధములును స్ఫురించును. ఇక్కడ అర్థము చరిత్ర కాదు. ఒక వస్తువు ఏమి, ఎట్లు ప్రవర్తించును, ఏమగును అను వృత్తాంతము.

పదునాలుగు, పదునైదేండ్ల విద్యార్థులకు ఇంగ్లీషు పఠనము అలవరచుటకై శాస్త్రజ్ఞుల జీవితములను పాఠములుగా ఇచ్చుట చాల దేశములలో ఉన్నది. ఫలానా సంవత్సరమున పుట్టెను, పేదవాడు, కష్టపడెను, ఫలానాది కనిపెట్టెను అని నాలుగు పేరాలు, క్రింద పది ప్రశ్నలు. ఇట్టి పాఠము చదివి ప్రశ్నలకు జవాబులు వ్రాసిన విద్యార్థికి ఆ శాస్త్రజ్ఞుడు ఏమి చేసెనో తెలియకపోవచ్చును. జవాబులోని మాటలు ప్రశ్నలోనే ఉండును గనుక, అర్థము కాకున్నను వాక్యమును ఎత్తి వ్రాయుట సులభము. ఫారడేను గూర్చి చదువుటకంటె ఫారడే పలికినది చదువుట కొంత కష్టము, చాల మేలు.

ఫారడే 1791లో లండను పొలిమేరలలో ఒక కమ్మరి కుటుంబమున జన్మించెను. బడిలో నేర్చినది చదువను, వ్రాయను, లెక్కలు చేయను మాత్రమే. 1805లో రీబో అను పుస్తక విక్రేతవద్ద ఏడేండ్ల ఒడంబడికతో పుస్తకములకు అట్టలు కట్టు పని నేర్వసాగెను. కుట్టుటకు వచ్చిన పుస్తకములనే చదివెను. ఎన్‌సైక్లొపీడియా బ్రిటానికాలో విద్యుత్తును గూర్చిన వ్యాసమును, జేన్ మార్సెట్ అను విదుషి వ్రాసిన రసాయనశాస్త్ర సంభాషణలును ఆయనకు దారి చూపినవి. మార్సెట్ పుస్తకములో ఒక ఉపాధ్యాయిని ఇద్దరు బాలికలతో ప్రశ్నోత్తరములు సాగించును. ఫారడే దానిని చదివి ఊరకుండలేదు. వారమునకు మిగులు కొద్ది పెన్నీలతో చేయగల చిన్న ప్రయోగములు చేసి, పుస్తకము చెప్పినది నిజమో కాదో చూచికొనెను. తాను అర్థము చేసికొనగలిగినంత మేరకు అది నిజమే అని తేలిన తరువాతనే ఆ పుస్తకమును నమ్మితినని వార్ధక్యమున ఒక మిత్రునికి వ్రాసెను.

అప్పటికి ఆయన ఇంగ్లీషు చక్కనిది కాదు. మాతృభాషయే అయినను వ్రాతలో తడబాటు ఉండెను. ఐజాక్ వాట్స్ వ్రాసిన 'ది ఇంప్రూవ్‌మెంట్ ఆఫ్ ది మైండ్' చదివి, అందలి సలహాల ననుసరించి నోటుపుస్తకము పెట్టెను, ఉపన్యాసములకు పోయెను, బెంజమిన్ ఆబట్ అను స్నేహితునితో ఉత్తరములు నడపెను. రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో 1813లో సహాయకుడుగా చేరిన తరువాతకూడ ఐదారుగురు మిత్రులతో సాయంకాలములందు కూడి, కలసి పుస్తకములు చదువుచు, ఒకరి ఉచ్చారణను, వాక్యనిర్మాణమును మరియొకరు మొగమోటము లేక దిద్దుకొనిరి. ఇట్లు కొన్ని సంవత్సరములు సాగెను. తెలుగు విద్యార్థి ఇంగ్లీషు చదువునపుడు తప్పు పలుకుదునేమో అని సిగ్గుపడుట అందరికిని తెలిసినదే. లండనులో పుట్టిన ఫారడే ఇరువదియేండ్లు దాటినను ఆ దిద్దుబాటుకు సిద్ధపడెను.

మరల కొవ్వొత్తి పుస్తకమునకు వత్తము. అందు 'బాడీ' అను మాట పలుమార్లు వచ్చును. అది శరీరము కాదు, పదార్థము. 'ఫిలాసఫీ' వచ్చును, వేదాంతము కాదు, ప్రకృతి శాస్త్రము. నేడు వాడు 'సైంటిస్టు' అను మాటను విలియం హ్యూయెల్ కల్పించెను. అది 1834లో అచ్చులోనికి వచ్చెను. వాడుకలో నాటుకొనుటకు చాలకాలము పట్టెను. ఫారడే తన్ను తాను ఫిలాసఫర్ అనియే చెప్పుకొనెను. అదే సంవత్సరమున, విద్యుద్విశ్లేషణమునకు క్రొత్త మాటలు కావలసివచ్చి, గ్రీకు రాని ఫారడే ఆ హ్యూయెల్‌కే ఉత్తరము వ్రాసెను. ఆనోడు, కాథోడు, అయాన్ అను మాటలు అట్లు వచ్చినవే. గ్రీకున వానికి వరుసగా పైకి దారి, క్రిందికి దారి, పోవునది అని అర్థము. పదవ తరగతి విద్యార్థి కంఠస్థము చేయు మాటలు ఒకనాడు శాస్త్రజ్ఞునికే కొరతపడి, భాష తెలిసినవానిని అడిగి తెచ్చుకొన్నవి.

మాటలకంటె వాక్యము కఠినము. తెలుగున విశేషణములన్నియు నామమునకు ముందు వచ్చును, క్రియ చివర నిలుచును. 'వేడికి కరిగి ఒత్తిలో ఎగబ్రాకిన మైనము మంటలో ఆవిరి యగును' అందుము. ఇంగ్లీషు ఇదే సంగతిని మైనముతో మొదలుపెట్టును. 'విచ్' అని ఒక కొక్కెము తగిలించి, కరుగుటయు ఎగబ్రాకుటయు దానికి వ్రేలాడదీయును. ఆ తరువాత 'అగును' అనును. చివర ఆవిరియు మంటయు చెప్పును. క్రియ కొరకు వాక్యము చివర వెదకు అలవాటు గల తెలుగు పిల్లవానికి అక్కడ మంట తప్ప మరేమియు కనబడదు. కనుక మొదట కర్తను పట్టుకొనవలెను, 'విచ్' తరువాతి భాగమునకు పెన్సిలుతో కుండలీకరణములు పెట్టవలెను, కర్తకు చెందిన క్రియను చేరవలెను. కుండలీకరణములలోనిది రెండవసారి చదువుకొనవచ్చును. ఇక కర్మణి ప్రయోగము. గాలి 'వేడిచేయబడుచున్నది' అని అనువదించి చెప్పు ఉపాధ్యాయుడు విద్యార్థికి ఇంగ్లీషు నేర్పకపోగా తెలుగును పాడుచేయుచున్నాడు. గాలి వేడెక్కును అన్న చాలును.

అయినను ఈ పుస్తకములోని అసలు కష్టము మాటలలోను లేదు, వాక్యములోను లేదు. ఇది వ్రాసిన గ్రంథము కాదు, బల్లయొద్ద నిలిచి వస్తువులు చూపుచు మాటలాడిన మాట. ఇదిగో, ఇక్కడ చూడుడు, ఇది ఎట్లు పైకి పోవుచున్నదో గమనింపుడు అని వాక్యవాక్యమునకును వ్రేలు చూపుచుండెను. పుస్తకములోనికి 'దిస్' వచ్చినది, 'హియర్' వచ్చినది, వ్రేలు రాలేదు, బల్ల రాలేదు. నిఘంటువు చూచిన 'దిస్' అనగా ఇది అని చెప్పును. ఏది? ఆ జవాబు కొవ్వొత్తియొద్దనే దొరకును.

కాబట్టి పాఠము కొవ్వొత్తితో మొదలుకావలెను. మొదటి ఉపన్యాసములో ఫారడే కొవ్వొత్తి తలమీది గిన్నెను వర్ణించు భాగము ఒక్క పీరియడుకు సరిపోవును. ఫంకా ఆపి, కిటికీలు మూసి, బల్లమీద కొవ్వొత్తి వెలిగించి, విద్యార్థులను ఐదు నిమిషములు ఊరక చూడనీయవలెను. పుస్తకము అప్పటికి తెరువరాదు. కనబడినది తెలుగుననే వ్రాయనిండు. ఒత్తి చుట్టును మైనము కరిగి చిన్న మడుగుగా నిలిచినదనియు, అంచు మాత్రము కరుగక గట్టు కట్టినదనియు ఎవరో ఒకరు వ్రాయుదురు. అంత వేడిమంట ప్రక్కనే ఉండగా అంచు ఎందుకు కరుగలేదు? మంటవలన గాలి వేడెక్కి తేలికయై పైకి పోవును. దాని చోటికి చుట్టునుండి చల్లనిగాలి కొవ్వొత్తి ప్రక్కలను ఒరసికొనుచు వచ్చును. ఆ గాలి అంచును చల్లబరచుచుండును. నడుమ కరిగి, అంచు నిలిచి, గిన్నె ఏర్పడును. ఈ సంగతి తెలిసిన పిమ్మట 'కరెంట్', 'కప్' అను రెండు మాటలను నల్లబల్లమీద వ్రాసిన చాలును. ఇప్పుడు పుస్తకము తెరచి ఉపాధ్యాయుడు ఒకసారి బిగ్గరగా చదువవలెను.

ఆ తరువాత విద్యార్థులు ఇద్దరిద్దరుగా చదువుదురు. ఒకడు చదువుచుండగా రెండవవాడు పలుకక, వాక్యము చెప్పు భాగమును కొవ్వొత్తిలో పుల్లతో చూపవలెను. వ్రేలు వద్దు, కాలును. పుల్ల సరియైనచోట నిలిచినచో అర్థమైనట్లే, అనువాదము అక్కరలేదు. తప్పుచోట నిలిచినచో ఏ మాటయొద్ద చిక్కుపడెనో ఉపాధ్యాయునికి వెంటనే తెలియును. చివర ఫంకా వేయవలెను. గాలి ఒకవైపునుండి కొట్టగా గిన్నె అంచు ఒకచోట తెగి, మైనము ధారగా జారును. దీనికి ఇంగ్లీషున 'గట్టర్' అందురు. వాననీరు పోవు కాలువకును అదే మాట. జారిన మైనము చేసికొన్న కాలువను చూచిన విద్యార్థికి ఆ మాట మరల చెప్పనక్కరలేదు. కమ్ములు తీర్చిన అలంకారపు కొవ్వొత్తులలో ఈ గిన్నె సరిగా ఏర్పడదనియు, చూపునకు సొంపైనను అవి చక్కగా వెలుగవనియు ఫారడే అక్కడనే చెప్పును.

కరిగిన మైనము పైకి ఎట్లు ఎక్కును అను భాగము తరువాతి పాఠము కావచ్చును. చేతులు కడుగుకొని తువాలును నీటి పళ్లెము అంచుమీద వ్రేలాడవేసిన, నీరు దాని వెంబడి ఎక్కి నేలకు కారునని ఫారడే పిల్లలకు చెప్పెను. కేశికాకర్షణమునకు ఇంతకంటె సులభమైన ఉదాహరణ లేదు. ప్రమిదలో ఒత్తి నూనెను పైకి లాగుట నిత్యము చూచు తెలుగు పిల్లలకు అది మరియు సులభము.

కొవ్వొత్తి అను తెలుగు మాటను కూడ ఇక్కడ విడదీసి చూపవచ్చును. కొవ్వు, ఒత్తి. నేటి కొవ్వొత్తులు చాలవరకు పెట్రోలియమునుండి తీసిన పారఫీనువి. కొవ్వు వానిలో లేదు. ఫారడే మొదట చూపినవి కొవ్వువే. నూలు దారమును కరిగిన పశువుల కొవ్వులో పలుమార్లు ముంచి తీసినవి. ముంచుటవలన వానిని 'డిప్' అనిరి. ఇంగ్లీషులో ఆ మాట పుస్తకములకు పరిమితమైనది. తెలుగున వస్తువు పోయినను పేరు మిగిలినది.

ముందు తెలుగున చూచి, తెలుగున వ్రాసి, తరువాత ఇంగ్లీషు చదివించుట కాలయాపన అని కొందరు తలంతురు. ఇంగ్లీషు పాఠములో తెలుగు వినబడరాదని వారి నియమము. 2020 తరువాతి సంవత్సరములలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వములు ఇంగ్లీషు మాధ్యమమునకు మారుచు, తెలుగు, ఇంగ్లీషు ప్రక్కప్రక్క గల ద్విభాషా పాఠ్యపుస్తకములను ఇచ్చినవి. తెలుగు పుట ఉండుట సిగ్గుపడవలసిన సంగతి కాదు. దానిని ఇంగ్లీషు పుటకు జవాబుపత్రముగా వాడుటయే తప్పు. తెలుగు పుట చదివి, పుస్తకము మూసి, కొవ్వొత్తి చూచి, పిమ్మట ఇంగ్లీషు పుట చదివినవానికి రెండును దక్కును.

ఫారడే బల్లమీద జపాను దేశపు కొవ్వొత్తులుకూడ ఉండెను. ఆ దేశము పాశ్చాత్య వర్తకమునకు తలుపులు తెరచి అప్పటికి పదేండ్లు కాలేదు. ఆ పుస్తకము తరువాత జపాను భాషలోనికి పోయెను. అకిరా యోషినో అను బాలుడు ప్రాథమిక పాఠశాలలో ఉండగా ఉపాధ్యాయిని చెప్పగా దానిని తన భాషలో చదివెను. లిథియం అయాన్ బ్యాటరీని రూపొందించినందుకు 2019లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము పంచుకొన్నవారిలో ఆయన ఒకడు. తనకు రసాయనశాస్త్రమునందు ఆసక్తి కలిగించినది ఆ పుస్తకమే అని చెప్పెను.

కాలము గడచి గ్రంథస్వామ్యము తీరినందున ఈ పుస్తకమును ఎవరైనను ఉచితముగా అచ్చువేసికొనవచ్చును. ఆరు ఉపన్యాసములును చదివింప పూనుకొనరాదు. ఏడాదికి నాలుగైదు భాగములు చాలును. గిన్నె తరువాత ఆరిన కొవ్వొత్తి పొగను తీసికొనవచ్చును. కొవ్వొత్తిని మెల్లగా ఆర్పగా ఒత్తినుండి తెల్లని ఆవిరి లేచును. రెండు మూడు అంగుళముల పైన అగ్గిపుల్ల చూపిన మంట ఆవిరి వెంబడి దిగి ఒత్తిని మరల వెలిగించును. ఇది ఉపాధ్యాయుడే చేయవలెను, ప్రక్కన నీళ్ల గిన్నె ఉంచుకొనవలెను. మండినది మైనమా, మైనపు ఆవిరియా అని అడిగి, జవాబును ఒక్క ఇంగ్లీషు వాక్యములో వ్రాయమనవలెను. వాక్యములో తప్పులున్నచో ప్రక్కవాడు దిద్దును.