బోడా బోడా

బోడా బోడా అనేది ఉగాండా, కెన్యా మొదలైన తూర్పు ఆఫ్రికా దేశాలలో ప్రయాణీకులను అద్దెకు తీసుకువెళ్ళే మోటారు సైకిలు. దీనిని నడిపేవారిని కూడా ఇదే పేరుతో పిలుస్తారు. సూక్ష్మఋణ సంస్థలలో పనిచేయడానికి విదేశాల నుండి వచ్చే స్వచ్ఛంద కార్యకర్తలు తరచుగా ఎక్కే వాహనమిది. సూక్ష్మఋణాలతో కొనబడే వస్తువులలో కూడా ఇది ఒకటి.

పేరు, పుట్టుక

కెన్యా, ఉగాండాల సరిహద్దున బుసియా పట్టణం ఉంది. 1960, 70 దశకాలలో ఇక్కడ రెండు దేశాల తనిఖీ కేంద్రాల మధ్య దూరాన్ని సైకిలు వెనుక కూర్చోబెట్టి దాటించేవారు "బోర్డర్, బోర్డర్" అని కేకలు వేసేవారని, ఆ కేకే బోడా బోడా అయినదని చెబుతారు. తరువాత సైకిళ్ళ స్థానంలో మోటారు సైకిళ్ళు వచ్చాయి. వీటిలో భారతదేశపు బజాజ్ బాక్సర్, టి.వి.ఎస్. బళ్ళు అధికం. ఇటువంటి వాహనాన్నే నైజీరియాలో ఒకాడా అనీ, బెనిన్‌లో జెమిజాన్ అనీ, వియత్నాంలో సే ఓమ్ అనీ అంటారు. సే ఓమ్ అంటే కౌగిలించుకొనే బండి. వెనుక కూర్చున్నవారి స్థితిని ఇంతకంటే చక్కగా తెలిపే పేరు లేదు.

స్వచ్ఛంద కార్యకర్తల ప్రయాణాలు

2005లో అమెరికాలో ప్రారంభమైన కివా సంస్థ, ఎవరైనా అంతర్జాలం ద్వారా 25 డాలర్ల నుండి అప్పు ఇచ్చే వీలు కల్పించింది. దాని తొలి అప్పులు ఉగాండాలోని చిరువ్యాపారులకే అందాయి. కివా ఫెలోలుగా పిలువబడిన కార్యకర్తలు జీతం లేకుండా కొన్ని నెలలు స్థానిక ఋణ సంస్థలలో పనిచేశారు. అప్పు తీసుకున్న మనిషి నిజంగా ఉన్నారా, నమోదైన వివరాలు సరైనవేనా అని ఇంటికో దుకాణానికో వెళ్ళి చూడడం వారి పనులలో ముఖ్యమైనది.

ఋణగ్రహీతలలో చాలామంది వ్యాన్లు తిరిగే దారులకు దూరంగా నివసిస్తారు. అనేక చోట్ల ఇంటి నంబర్లు ఉండవు. చిరునామా అంటే ఒక చర్చి, ఒక చెట్టు, ఆ పక్క సందు. కనుక దారి తెలిసిన బోడా నడిపే మనిషి లేకుండా ఈ తనిఖీ సాగదు.

బోడాలు స్టేజి అనబడే అడ్డాల వద్ద ఆగి ఉంటాయి. కిరాయి ఎక్కకముందే మాట్లాడుకోవాలి. విదేశీయులకు ధర ఎక్కువ చెప్పడం మామూలే గనుక, ముందుగా ఋణ సంస్థ ఉద్యోగులను అడిగి తెలుసుకోవడం మేలు. బండిని ఎడమవైపు నుండే ఎక్కి దిగాలి. కుడివైపున ఉండే వేడి సైలెన్సరు తగిలితే పిక్క కాలుతుంది.

ప్రమాదాలు

కంపాలాలోని ములాగో ఆసుపత్రికి రోడ్డు ప్రమాదాల వల్ల చేరేవారిలో మోటారు సైకిలు బాధితులు పెద్ద సంఖ్యలో ఉంటారు. 2008లో వెలువడిన కోక్రేన్ సమీక్ష ప్రకారం హెల్మెట్ వలన మరణావకాశం సుమారు 42 శాతం, తలకు గాయమయ్యే అవకాశం 69 శాతం తగ్గుతాయి. అయితే నడిపేవారికి హెల్మెట్ ఉన్నా, వెనుక కూర్చున్నవారికి ఉండకపోవడం సాధారణం. అమెరికాకు చెందిన పీస్ కోర్ పలు దేశాలలో తన కార్యకర్తలు మోటారు సైకిలు ఎక్కడాన్ని నిషేధించింది. 2010వ దశకంలో కంపాలాలో మొదలైన సేఫ్‌బోడా, ప్రయాణీకులకు కూడా హెల్మెట్ ఇచ్చే పద్ధతిని తెచ్చింది.

బండి మీద అప్పు

బండి లేనివారు యజమానికి రోజుకో వారానికో అద్దె కట్టి నడుపుతారు. ఆ అద్దె ఎన్నేళ్ళు కట్టినా బండి సొంతం కాదు. అందుకే అప్పు చేసి కొనుక్కోవడానికి మొగ్గు చూపుతారు. కానీ ప్రమాదం జరిగితే సంపాదన ఆగుతుంది, వాయిదా ఆగదు. మన డ్వాక్రా సంఘాలలో వలె సామూహిక పూచీపై తీసుకున్న అప్పయితే ఆ భారం తోటి సభ్యులపై పడుతుంది. ఉగాండాలోని టుగెండే సంస్థ వాయిదాలన్నీ తీరిన తరువాత బండిని నడిపేవారికే సొంతం చేసే పద్ధతిని అమలుచేసింది. లుగాండా భాషలో టుగెండే అంటే "వెళ్దాం పదండి" అని అర్థం.